అట్టముక్క మీద ఊరి పేరు

బిలాస్‌పూర్ జంక్షన్ నుంచి హౌరా వైపు బయల్దేరిన బండి ఇంకా వేగం అందుకోకముందే లాల్‌ఖదాన్ వస్తుంది. ఆ తరవాతి స్టేషన్ గటోరా. రైలు కూత విని పొద్దు గుర్తుపట్టే పేటలు ఇవి. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నా ఈ రైల్వే పేటల్లో తెలుగు మాట వినపడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి, గ్యాంగుల్లో, లోకో షెడ్లలో, యార్డుల్లో పనిచేసి, ఇక్కడే ఇళ్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లకు మాత్రం ఊరివైపు చూసే కుటుంబాలవి. ఆ ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున, రేషను కార్డులకీ పాత జీతం కాగితాలకీ మధ్య పడివున్న ఓ వస్తువు గురించి ఈ రోజు మాట్లాడతాను. అది రైలు టికెట్. ఇప్పటి పల్చటి కాగితం టికెట్ కాదు, ఆ రోజుల అట్ట టికెట్.

నలభై దాటిన వాళ్లకి దాన్ని వర్ణించి చెప్పాల్సిన పని లేదు. పొడవు 57 మిల్లీమీటర్లు, వెడల్పు 30కి కాస్త ఎక్కువ, మందం మిల్లీమీటరుకి తక్కువ. బుకింగ్ కిటికీ వెనక గూళ్లలో వరసలుగా పేర్చి ఉండేది. బాబు ఒకటి లాగి, ఇనప యంత్రంలో దూర్చి, టక్కుమనిపించి తేదీ వేసి, చిల్లరతో పాటు కిటికీలోంచి తోసేవాడు. పిల్లలకైతే అదే టికెట్‌కి ఓ మూల కత్తిరించి ఇచ్చేవాడు. ఆ కత్తిరించిన ముక్క లెక్క కోసం ఆయన దగ్గరే ఉండిపోయేది.

ఈ అట్టముక్కని కనిపెట్టింది థామస్ ఎడ్మండ్సన్ అనే ఇంగ్లీషు వడ్రంగి. ఫర్నిచర్ వ్యాపారంలో దివాళా తీసి, బతుకుతెరువు కోసం 1836లో న్యూకాజిల్ – కార్లైల్ రైలు మార్గం మీద మిల్టన్ అనే చిన్న స్టేషన్లో ఉద్యోగానికి చేరాడు. అప్పట్లో ప్రతి ప్రయాణికుడికీ కాగితం మీద చేత్తో రాసి ఇవ్వాలి. ఎన్ని ఇచ్చారో, ఎంత వసూలైందో తేల్చడం కష్టం, గుమాస్తాలు డబ్బు నొక్కేయడం తేలిక. ఎడ్మండ్సన్ అట్టని ముక్కలుగా కోసి, ఒక్కోదానికీ వరస సంఖ్య వేసి, తేదీ గుద్దే యంత్రం కూడా తయారుచేశాడు. ఆ పద్ధతి వాడుకున్న కంపెనీలు మైలు మార్గానికి ఏడాదికి పది షిల్లింగుల చొప్పున ఆయనకి ముట్టజెప్పాయి. అదే కొలత, అదే పద్ధతి ప్రపంచమంతా పాకి, మన శ్రీకాకుళం వైపు నౌపడకీ, ఇక్కడి గటోరాకీ చేరింది. బ్రిటిష్ రైల్వే 1990లో దీన్ని మానేసింది. మనం ఆ తరవాత కూడా చాలా ఏళ్లు వాడాం. చివరికి కంప్యూటర్ టికెట్లు వచ్చి, టికెట్లు అచ్చువేసే రైల్వే ముద్రణాలయాలకి పని తగ్గి, బైకుల్లా, హౌరా, శకూర్‌బస్తీ, రాయపురం, సికింద్రాబాద్‌లలో మిగిలిన అయిదింటినీ మూసేయమని 2019లో రైల్వే బోర్డు ఉత్తర్వు ఇచ్చింది.

అట్ట టికెట్లు సేకరించేవాళ్లు దేశంలో అక్కడక్కడా ఉన్నారు. తపాలా బిళ్లలకీ నాణేలకీ ఉన్నట్టు దీనికి అందరూ ఒప్పుకున్న ధరల పుస్తకం లేదు. ఎవరి అంచనా వాళ్లది. కంపెనీల కాలం నాటి మొదటి తరగతి టికెట్ అంటే ఎగబడతారు. పెద్ద స్టేషన్ ప్లాట్‌ఫామ్ టికెట్ అంచు నలగకుండా, తేదీ గుద్దకుండా, కొత్తగా ఉంటే ముచ్చటపడతారు. సున్నాలన్నీ వరసగా ఉన్న మొదటి సంఖ్య టికెట్ దొరికితే పండగే. మూడో తరగతిలో, ఒక చిన్న స్టేషన్ నుంచి ఇంకో చిన్న స్టేషన్‌కి వెళ్లిన టికెట్, పైగా టీసీ కత్తెర పడింది, మూల నలిగింది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. అలాంటివి పాత పేపర్ల వాళ్ల బండి ఎక్కుతున్నాయి.

ఈ లెక్క తలకిందులుగా ఉందన్నది నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికి ముందు మిమ్మల్ని కాసేపు అమెరికా తీసుకెళ్తాను.

అక్కడ బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలున్న అట్ట కార్డులు సేకరించడం వందేళ్లు దాటిన అలవాటు. మన పిల్లలు 'బిగ్ ఫన్' బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు కూడబెట్టినట్టే, వాళ్లూ బబుల్‌గమ్‌తో వచ్చే కార్డులు కూడబెట్టారు. 1952లో టాప్స్ అనే కంపెనీ నాలుగు వందల ఏడు కార్డుల వరస వేసింది. 311 నుంచి 407 దాకా ఉన్న చివరి విడత ఆలస్యంగా బయటికొచ్చింది. అప్పటికి ఆటల సీజన్ అయిపోవస్తోంది, కొనే పిల్లలు లేరు. ఆ సరుకు గోదాములో ఏళ్ల తరబడి ఉండిపోయింది. 1960లో దాన్ని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ తానే చెప్పాడు. ఆ విడతలో మొదటి కార్డు, 311వది, మికీ మాంటిల్ అనే ఆటగాడిది. బాగా నిలిచిన ఆ కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అచ్చు పలకల మీద మాంటిల్ బొమ్మని రెండుసార్లు వేశారు. అంటే అదే విడతలోని చాలామంది ఆటగాళ్ల కార్డుల కంటే మాంటిల్ కార్డే ఎక్కువ సంఖ్యలో అచ్చయింది. అతని వెనకున్న పేరులేని ఆటగాళ్ల కార్డులు అంతకన్నా అరుదు. అయినా వాటి ధర మాంటిల్ ధరలో లవలేశం. జనం డబ్బిచ్చింది అరుదుతనానికి కాదు, మొహానికి. పాతకాలపు సేకర్తలు ఈ సంగతి ఎరుగుదురు. అందుకే తెలివైనవాళ్లు మాంటిల్ ఒక్కడి వెంటే పడకుండా ఆ పేరులేనివాళ్లని ఒక్కొక్కరినీ వెతికి, వరస పూర్తి చేసుకుంటారు.

మన అట్ట టికెట్లలోనూ మాంటిల్స్ ఉన్నాయి, పేరులేనివాళ్లూ ఉన్నారు. ఆ పేరులేనివి లాల్‌ఖదాన్ లాంటి చోట్ల ఎందుకున్నాయో తెలియాలంటే మనవాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో కొంచెం చెప్పుకోవాలి.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. నాగపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఆసన్‌సోల్ దాకా దాని ప్రధాన మార్గం 1891 నాటికి పూర్తయింది. బిలాస్‌పూర్ ఆ మార్గం మీదే జంక్షనై పెరిగింది. ఇంకోవైపు మన కోస్తాలో 1893 – 96 మధ్య ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను పడింది. 1900 దాటిన వెంటనే ఆ లైన్ని రెండుగా పంచారు. వాల్తేరుకి దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకి పోయింది. వాల్తేరు, విజయనగరం, పలాస, ఇచ్ఛాపురం మీదుగా ఉత్తరానికి పోయే భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర కుర్రాడికి రైలు ఉద్యోగమంటే మద్రాసో బెజవాడో కాదు. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్. కంపెనీ ఒకటే, లైను ఒకటే, బదిలీలు ఆ లైను మీదే. ఖరగ్‌పూర్ కార్మికులతో కలిసి పోరాడి, 1927 సమ్మె నాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘంలో ముందు నిలిచిన వి.వి. గిరి గారు బరంపురంలో పుట్టిన తెలుగువారే కావడం యాదృచ్ఛికం కాదు.

మొదట్లో శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ రావాలంటే ఖరగ్‌పూర్ దాకా పైకి పోయి, అక్కడ బండి మారి, టాటానగర్, చక్రధర్‌పూర్, ఝార్సుగూడ, రాయగఢ్ మీదుగా కిందికి దిగాలి. 1931లో విజయనగరం – రాయపూర్ లైను పూర్తయ్యాక పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ కొండల దారి తెరుచుకుంది. ఇప్పటికీ కోర్బా – విశాఖ ఎక్స్‌ప్రెస్ పోయే దారి అదే. టికెట్ మీద 'వయా' అని ఉండే మాటకి ఇంత కథ ఉంది. ఒకే రెండు ఊళ్ల మధ్య, ఒకే కంపెనీలో, 'ఖరగ్‌పూర్ మీదుగా' అన్న టికెట్టూ, 'రాయపూర్ మీదుగా' అన్న టికెట్టూ పక్కపక్కన పెడితే కొండల్లో కొత్త లైను పడిన సంగతి కళ్లకి కనిపిస్తుంది.

ఇక అసలు రహస్యం. బుకింగ్ ఆఫీసులో అన్ని ఊళ్లకీ అచ్చువేసిన టికెట్లు ఉండేవి కావు. ఏ రెండు స్టేషన్ల మధ్య రాకపోకలు బాగా ఉంటాయో ఆ జంటకే రెండు పేర్లూ అచ్చువేసి పంపేవారు. కాస్త తక్కువగా అడిగే ఊళ్లకి సగం ఖాళీగా ఉన్న అట్ట టికెట్ ఉండేది. బయల్దేరే స్టేషన్ పేరు అచ్చులో ఉంటుంది, చేరే ఊరు బాబు చేత్తో రాస్తాడు. ఎప్పుడో ఒకరు అడిగే ఊరికైతే పూర్తిగా చేత్తో రాసిన కాగితం టికెట్. కాబట్టి ఏదైనా ఓ చిన్న ఊరి నుంచి బిలాస్‌పూర్‌కి రెండు పేర్లూ అచ్చయిన టికెట్ దొరికిందంటే అర్థం ఏమిటి? ఆ ఊరి నుంచి ఇక్కడికి మనుషులు ఆగకుండా వచ్చిపోతున్నారని రైల్వే తన లెక్కల్లో ఒప్పుకుందన్నమాట. జనాభా లెక్కల్లో ఊరి పేరుతో కనపడని వలస ఆ అట్టముక్క మీద నమోదైంది. చేత్తో రాసిన టికెట్ అయితే వలస అప్పుడప్పుడే మొదలైందనో, తగ్గిపోతోందనో అనుకోవచ్చు. మొదటి తరగతి హౌరా – నాగపూర్ టికెట్ ఈ మాట చెప్పలేదు.

ఇంకోటి కూడా ఉంది, ఇది రైల్వే ఇళ్లకే ప్రత్యేకం. రైల్వే ఉద్యోగి టికెట్ కొనడు. పాస్ మీద పోతాడు. పాసులు అయిపోతే మూడో వంతు చార్జీకి పీటీఓ అనే రాయితీ పత్రం మీద టికెట్ తీసుకుంటాడు. ఉద్యోగి ఇంట్లో పూర్తి చార్జీ కట్టిన అట్ట టికెట్ ఉందంటే అది ఉద్యోగిది కాదు. ఊరి నుంచి వచ్చిన వాళ్లది. అత్తగారిది, బావమరిదిది, కానుపుకొచ్చిన తల్లిది, పని వెతుక్కుంటూ వచ్చి ఇంట్లో నెల్లాళ్లున్న మేనల్లుడిది. రైల్వే చరిత్రలు రాసినవాళ్లు ఎక్కువగా ఉద్యోగం చేసినవాళ్ల గురించి రాశారు. వాళ్లని చూడ్డానికి వచ్చిపోయిన వాళ్ల గురించి రాసింది ఈ టికెట్లే.

లాల్‌ఖదాన్‌లో ఓ ఇంట్లో ఒక పెద్దావిడ అలాంటి జంట టికెట్లు నా చేతిలో పెట్టారు. రెండూ కలిపి గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. ఒకటి చిన్న బండిది, టెక్కలి నుంచి నౌపడకి. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచిన బండి అది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో మొదలై, పెద్ద పట్టాలు వేయడానికని 2004 జూన్‌లో ఆగింది. రెండోది నౌపడ నుంచి బిలాస్‌పూర్‌కి. సగం ఖాళీ రకం. 'బిలాస్‌పూర్' అని బాబు ఇంగ్లీషులో సిరాతో రాశాడు. చివరి అక్షరాలకి చోటు చాలక పైకి వంకర తిరిగాయి. టీసీ కత్తెర పడిన చోట చిన్న గంట ఆకారంలో చిల్లు ఉంది. తేదీ గుద్దిన అచ్చు సగం చెరిగిపోయి డెబ్బైల దశాబ్దమని మాత్రం తెలుస్తోంది.

"ఈటికి డబ్బులేటొస్తాయి బాబూ! పొయ్యిలో ఎయ్యబోయినాను," అన్నారావిడ.

"ఎవరివమ్మా ఇవి?"

"మా యమ్మయి. నా రెండో కానుపుకి తనే ఇక్కడికొచ్చినాది. ఒక్కర్తీ. సదువు రాదు, హిందీ రాదు. టికట్టు ముక్క పట్టుకుని, కనపడినోడికల్లా సూపించి, దిగినాది."

చదువు రాని తల్లి, భాష తెలియని దారిలో, ఆ అట్టముక్క మీది రాతని నమ్ముకుని కూతురి కానుపుకి చేరింది. దిగాక గేటులో అడిగిన వాళ్లు లేరు కాబోలు, టికెట్ ఇంటికే వచ్చింది. దాన్ని ఏ సేకర్త దగ్గరికి తీసుకెళ్లినా సూది తుప్పు పట్టిందనీ, చిల్లు పడిందనీ, అక్షరాలు వంకర పోయాయనీ పక్కన పెడతాడు. నేను ఇన్నేళ్లలో చూసిన టికెట్లలో ఇంతకంటే విలువైనది లేదు. ఈ మాట ఆవిడతోనూ అన్నాను.

గేటు సంగతి వచ్చింది కాబట్టి అరుదుతనం గురించి ఇంకొంచెం. ఆ రోజుల్లో ప్రయాణం అయ్యాక టికెట్ రైల్వేకి తిరిగి ఇచ్చేయాల్సి ఉండేది. గేటు దగ్గర టీసీ చేతిలో పడిన టికెట్లు కట్టలు కట్టి లెక్కల ఆఫీసుకి పోయేవి, సరిచూశాక నాశనమయ్యేవి. అంటే లక్షల్లో అచ్చయినా, ప్రయాణం చేసి బతికి బయటపడ్డవి చాలా తక్కువ. కొత్తగా మెరిసే టికెట్లు చాలావరకు అమ్ముడుపోక మిగిలినవో, స్టేషన్ మూసేశాక బయటికొచ్చినవో అయివుంటాయి. కట్టకి వంద ఒకే రకం దొరుకుతాయి. సేకర్తలు ముచ్చటపడేది వీటికి, నిజంగా దొరకనివి ప్రయాణం చేసినవి.

వరసలు పూర్తి చేయాలనుకునే వాళ్లకి బిలాస్‌పూర్ బంగారు గని. కారణం దాని పాలనలో వచ్చిన మార్పులు. 1944 అక్టోబరు 1 దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ రోజున ప్రభుత్వం తీసుకుంది, కానీ పేరు అలాగే ఉంచింది. 1952 ఏప్రిల్ 14న దాన్ని ఈస్ట్రన్ రైల్వేలో కలిపారు. 1955 ఆగస్టు 1న మళ్లీ విడదీసి సౌత్ ఈస్ట్రన్ రైల్వే చేశారు. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడింది. ఒకే స్టేషన్, నాలుగు పేర్లు. అందులో ఈస్ట్రన్ రైల్వే పేరు నడిచింది మూడేళ్ల మూడున్నర నెలలు. అందులోనూ పాత పేరున్న సరుకు అయిపోయేదాకా అదే అమ్మేవారు కాబట్టి కొత్త పేరుతో టికెట్లు కొన్ని స్టేషన్లకి చేరేసరికే కొంత కాలం గడిచిపోయి ఉండాలి. బిలాస్‌పూర్ చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో, అంటే గటోరా, జైరామ్‌నగర్, అకల్‌తరా, రాయపూర్ వైపు దాధాపారా, బిల్హా, కట్నీ లైను మీద కర్‌గీ రోడ్, ఖోంగ్‌సరా, అడవిలో ఉన్న భన్వర్‌టోంక్, వీటిలో ఏ ఒక్క దాని పేరైనా ఈస్ట్రన్ రైల్వే ముద్రతో మూడో తరగతి టికెట్ మీద కనిపిస్తే అది కంపెనీ నాటి టికెట్ కంటే అరుదు. కంపెనీ దశాబ్దాల పాటు నడిచింది మరి. కానీ సేకర్తకి 'బి.ఎన్.ఆర్' అన్న మూడక్షరాలు కనపడితే గుండె కొట్టుకుంటుంది, 'ఇ.ఆర్' కనపడితే కొట్టుకోదు.

చివరి విడత కూడా ఇలాంటిదే. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే పుట్టేనాటికే కంప్యూటర్ టికెట్లు తలుపు తడుతున్నాయి. రిజర్వేషన్ లేని టికెట్లని కంప్యూటర్ మీద ఇచ్చే పద్ధతి 2002లో ఢిల్లీలో మొదలైంది. కాబట్టి ఈ జోన్ పేరుతో అచ్చయిన అట్ట టికెట్లు నడిచిన కాలం కురచ, అదీ ఎక్కువగా చిన్న స్టేషన్లలో, హాల్టుల్లో. ఈ జోన్ కింద సాత్పురా కొండల్లో నడిచిన నాగపూర్ – ఛింద్‌వాడా, జబల్‌పూర్ – నైన్‌పూర్ చిన్న బండ్లు 2015లో ఆగిపోయాయి. ఆ స్టేషన్ల టికెట్లు ఎవరింట్లోనైనా ఉంటే అవి నిన్నటివే కదా అని తీసిపారేయకండి. నిన్నటివన్న కారణంతోనే ఎవరూ దాచుకోలేదు.

టికెట్ వయసు తెలుసుకోవడానికి ధర ఒక దారి. 1957 ఏప్రిల్ 1 ముందైతే అణాలు, పైలు. ఆ తరవాత నయా పైసలు. 1964 నుంచి 'నయా' పోయి వట్టి పైసలు. మారిన కొత్తలో పాత ధర మీద రబ్బరు స్టాంపుతో కొత్త ధర కొట్టిన టికెట్లు ఉంటాయి, అవి ఇంకా ముచ్చటైనవి. మూడో తరగతి అని ఉంటే 1974 లోపుది. ఆ ఏడు మూడో తరగతిని తీసేసి రెండో తరగతి అన్నారు. కూర్చునే చెక్కబల్ల మాత్రం కొన్నాళ్లు అదే. ఇక భాష. తెలుగు నేల మీది స్టేషన్ల టికెట్ల మీద ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగు అక్షరాలు ఉండేవి. తిరుగు ప్రయాణానికి బిలాస్‌పూర్‌లో కొన్న టికెట్ మీద ఆ తెలుగు ఉండదు. ఊరి నుంచి వచ్చేటప్పటి టికెట్, పోయేటప్పటి టికెట్ రెండూ దొరికితే విడదీయకండి.

విడదీయొద్దన్నది ఈ ప్రసంగంలో నేను మరీ మరీ చెప్పదలచుకున్న మాట. సేకరణ అనగానే మంచిది ఏరుకుని మిగతాది వదిలేయడం చాలామంది చేసే పని. ట్రంకు పెట్టెలో ఓ ముప్పై టికెట్లు ఉంటే వచ్చినాయన పాతవి రెండు పట్టుకుపోతాడు. మిగిలిన ఇరవై ఎనిమిదీ అనాథలవుతాయి. ఒక ఇంటి టికెట్లు ఆ ఇంటి టికెట్లుగానే ఉండాలి. ఏ పండక్కి వచ్చారు, ఏ ఏడాది అసలు రాలేదు, ఏ ఊరి బంధువులు ఎప్పటినుంచి రావడం మానేశారు, ఇవన్నీ ఆ కట్ట మొత్తంలో ఉంటాయి. ఏ ఒక్క ముక్కలోనూ ఉండవు. నాగపూర్‌లో మోతీబాగ్ దగ్గర 2002లో చిన్న బండ్ల మ్యూజియం తెరిచారు, ఢిల్లీలో 1977 నుంచి జాతీయ రైలు మ్యూజియం ఉంది. ఇంజన్లని కాపాడటానికి పెద్ద చోట్లు కావాలి, అవి చేస్తున్నాయి. టికెట్లని కాపాడటానికి ఓ అట్టపెట్టె చాలు, ఆ పని ఇంట్లోనే అవుతుంది.

కాపాడటం గురించి రెండు మూడు పనికొచ్చే సంగతులు. లామినేషన్ చేయించకండి. వేడికి అట్ట పాడవుతుంది, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు. జిగురుతో పుస్తకంలో అంటించకండి, వెనకవైపున్న సంఖ్యలూ రాతలూ పోతాయి. రబ్బరు బ్యాండు ఎండాకాలానికి కరిగి అంచుల మీద గోధుమరంగు చార వదులుతుంది, దారంతో వదులుగా కట్టడం మేలు. గుండుసూది ఉంటే మెల్లగా తీసేయండి. కానీ ఆ రెండు చిల్లులు కలిసేలా టికెట్లని ఒకే కవరులో ఉంచండి, రెండూ ఒకే ప్రయాణానివని ఆ చిల్లులే సాక్ష్యం. మెత్తటి, వాసనొచ్చే చవక ప్లాస్టిక్ జేబులు వద్దు, కొన్నేళ్లకి అవి సిరాని లాగేస్తాయి. మంచి తెల్ల కాగితంతో చిన్న చిన్న కవర్లు మడుచుకోవచ్చు. తడి తగలని చోట, వానాకాలంలో గోడకి ఆనించకుండా పెట్టండి.

ఇంకో పని ఉంది, అది త్వరగా జరగాలి. టికెట్ మీద తేదీ ఉంటుంది, ధర ఉంటుంది, ఊరి పేర్లు ఉంటాయి. ఎవరు వచ్చారో ఉండదు. ఆ మాట చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. కవరు మీద పెన్సిల్‌తో రాయండి, పెన్సిల్ అయితే సిరాలా ఊరదు. 'పెద్దమ్మ, రెండో వాడు పుట్టినప్పుడు, టెక్కలి నుంచి' అని ఒక్క వాక్యం చాలు. ఏ ధరల పుస్తకంలోనూ దానికి వెల కట్టరు. కట్టకపోయినా, ఆ వాక్యం ఉన్న టికెట్టూ లేని టికెట్టూ ఒకటి కావు.

ఊళ్లో ఉన్నవాళ్లకీ ఓ మాట. పలాస, సోంపేట, టెక్కలి, పార్వతీపురం, బొబ్బిలి వైపు ఇళ్లలోనూ ఇవి ఉంటాయి. బిలాస్‌పూర్‌లో కొడుకునో అల్లుణ్నో చూసి తిరిగొచ్చిన టికెట్లు అక్కడ మిగిలి ఉంటాయి. లాల్‌ఖదాన్‌లో సగం, మీ దగ్గర సగం. బంధుత్వం ఇంకా ఉంటే ఈసారి ఫోనులో మాట్లాడుకున్నప్పుడు అడగండి. ఫోటో తీసి పంపుకున్నా చాలు, ముందువైపూ వెనకవైపూ రెండూ తీయండి. 1952 – 55 మధ్య ఈస్ట్రన్ రైల్వే పేరుతో, ఉత్తరాంధ్రలోని ఏ స్టేషన్ నుంచైనా బిలాస్‌పూర్‌కి రెండు పేర్లూ అచ్చయిన మూడో తరగతి టికెట్ నా కంట ఇంతవరకు పడలేదు. మీ ఇంట్లో ఉంటే ఎవరికీ అమ్మకండి. అది ఎవరిదో అడిగి, కవరు మీద రాసిపెట్టండి.